నెల తప్పింది

11 ఫిబ్రవరి 1997, మంగళవారం

కాలేజీకి సెలవు పెట్టి ఇవాళ్టికి పదకొండు రోజులు. ప్రిన్సిపాలుగారు ఫోన్ చేయించారట. మా ఆయనే మాట్లాడి జ్వరమని చెప్పారు. జ్వరమైతే బాగుండేది. నుదుటి మీద చెయ్యి వేసి చూడొచ్చు.

పొద్దున ఆయన నాకు స్నానానికి నీళ్ళు కాచి, చన్నీళ్ళు తొరిపి పెట్టారు. "రూతూ, లే. చల్లారిపోతాయి." చల్లారిపోయాయి. మళ్ళీ కాచారు. మళ్ళీ చల్లారాయి. ఇరిగేషన్ ఆఫీసులో పది దాటితే సంతకం చేయనివ్వరు, అందుకని మూడోసారి కాచకుండానే వెళ్ళిపోయారు. నేను దువ్వెన చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఒళ్ళోంచి తల దాకా దువ్వెనని తీసుకెళ్ళడం ఎంత దూరమో ఇంతకుముందు తెలీదు.

నిన్న మొవ్వ నుంచి ఆయన అక్క సంపూర్ణమ్మ వదిన నన్ను చూడ్డానికి వచ్చింది. "తిండికి లోటా, బట్టకి లోటా? మా కృపానందం ఏమన్నా తాగొచ్చి కొడతాడా? కారణం లేకుండా దిగులేంటమ్మా?" అంది. కాసేపటికి కారణం తనే కనిపెట్టింది. "ఒళ్ళో బిడ్డ లేకపోతే ఆడదాన్ని ఏదో ఒకటి పట్టుకుంటది."

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. మొదటి పదేళ్ళు ఏడ్చాను. తర్వాత మానేశాను. ఇది ఆ దిగులు కాదు. కాదనే అనుకుంటున్నాను. నలభై మూడేళ్ళ మనిషికి ఇంకా ఆ దిగులేమిటి?

14 ఫిబ్రవరి

గవర్నర్‌పేటలో ఒక మందుల షాపు పైనున్న డాక్టరుగారి దగ్గరికి ఆయన తీసుకెళ్ళారు. బోర్డు మీద 'నరాలు, మానసిక వ్యాధులు' అని రాసి ఉంది. ఆటో అతనితో ఆయన 'నరాల డాక్టరు' అని మాత్రం చెప్పారు.

"నిద్ర పడుతోందామ్మా?" అని డాక్టరుగారు నన్ను అడిగారు. "లేదండీ," అన్నారు ఆయన. "ఆకలి?" "లేదండీ." "బతకడం ఎందుకని అనిపిస్తోందా?" ఈసారి ఆయన నా వైపు చూశారు. "లేదండీ," అన్నాను నేను. అక్కడ నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే. అది నిజమో కాదో చూసుకునే ఓపిక లేకపోయింది.

తర్వాత, "మీరు కాస్త బయట కూర్చోండమ్మా," అన్నారు డాక్టరుగారు. ఆయనతో పది నిమిషాలు మాట్లాడారు.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగాను.

"ఏం చెప్పారు?"

ఆయన కాలవ వైపు చూస్తున్నారు. "మాత్ర వేళకి వేసుకోమన్నారు. మధ్యలో మానకూడదన్నారు."

"పది నిమిషాలూ అదేనా?"

"పెద్ద డాక్టరు గదా. ఏది చెప్పినా నిదానంగా చెప్తాడు."

20 ఫిబ్రవరి

నోరు ఎండిపోతోంది. నాలుక తోలుముక్కలా అంగిలికి అంటుకుంటోంది. నాలుగు రోజులుగా విరేచనం లేదు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. దిగులు మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలలేదు.

ఇవన్నీ ఇక్కడ కాకపోతే ఎక్కడ చెప్పుకోను? ఆయనతో విరేచనం మాట ఎలా అనను? ఈ పద్దెనిమిదేళ్ళలో ఒంటికి సంబంధించినది ఏదీ మేమిద్దరం పేరు పెట్టి అనుకోలేదు. నెలసరి వస్తే 'తలనొప్పిగా ఉంది' అంటాను. ఆయన అర్థం చేసుకుని పక్క గదిలో పడుకుంటారు. నిజంగా తలనొప్పి వచ్చినప్పుడు ఏం చెప్పాలో తెలియక ఊరుకుంటాను.

26 ఫిబ్రవరి

తలనొప్పి. (ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను. ఎవరు చూస్తారని?)

3 మార్చి

ఏమీ లేదు.

9 మార్చి, ఆదివారం

వీధిలో కూరలమ్మి "చుక్కకూరా, బచ్చలికూరా" అని కేకేసింది. ఆ కేక వినపడింది. ఆమె రోజూ మా భవానీపురం వీధిలోంచే వెళుతుంది కదా. ఇన్నాళ్ళూ నా చెవులు ఎక్కడికి పోయాయి?

చర్చి నుంచి ఆయన రాగానే, "ఆకలేస్తోందండీ, అన్నం పెట్టండి," అన్నాను. ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. తను తినకుండా నేను తినడమే చూస్తూ కూర్చున్నారు.

23 మార్చి, మట్టల ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఇద్దరం వెళ్ళలేదు. ఇంతకంటే రాయను.

12 ఏప్రిల్

ప్రాక్టికల్ పరీక్షలకి ఎక్స్‌టర్నల్‌గా గుడివాడ వెళ్ళొచ్చాను. పదేళ్ళుగా వెళ్ళే పనే. వెళ్ళగలిగాను. మందు పనిచేస్తోంది. ఒప్పుకోవాలి.

కానీ ఈ ఆకలి నాది కాదు. నాకు తెలిసిన ఆకలి తింటే తీరేది. ఇది తింటుంటే పెరుగుతోంది. గుడివాడ ప్లాట్‌ఫారం మీద వరసగా మూడు పొట్లాల పునుగులు తిన్నాను. స్టూడెంట్లెవరైనా చూస్తారేమోనని గోడ వైపు తిరిగి తిన్నాను. నూనె వేళ్ళు చీర చెంగుకి తుడుచుకున్నాను. నేను!

విజయవాడలో దిగి, స్టేషన్లో బరువు చూసే మిషను ఎక్కాను. జనవరిలో యాభై ఎనిమిది. ఇప్పుడు అరవై అయిదు. కార్డు వెనక 'మీ చిరకాల వాంఛ నెరవేరును' అని అచ్చేసి ఉంది. జాకెట్లు పడితే చాలు.

స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే మాట. "ఒళ్ళు చేశారు మేడమ్! కోలుకున్నారు." ఒళ్ళు చేయడం. నేనేమీ చేయలేదు. అదే చేసుకుంటోంది.

6 మే

సెలవులు. ఎండ. మణెమ్మ పెరట్లో బట్టలుతుకుతూ పిలిచింది.

"అమ్మగారూ, ఒకటడుగుతా, తిట్టరుగా?"

"అడుగు."

"రెండు నెల్లయింది, మీ గుడ్డలు నా చేతికి రాలా."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం వేడెక్కింది. ఆయనకి తెలీదు, నేను పట్టించుకోలేదు, మణెమ్మ లెక్క పెట్టుకుంది.

"వయసు వచ్చింది గదా మణెమ్మా. ఆగిపోయే రోజులు."

"ఆగేదైతే ఇట్టా ఆగుద్దా? ఒక నెలొచ్చి, రెండు నెల్లు పోయి, మళ్ళీ ఊడ్చిపెట్టి, సతాయించి సతాయించి ఆగుద్ది. మా అత్తది చూళ్ళా నేను? ఇది అది కాదు. మీకు నెల తప్పింది." చీర పిండుతూ మామూలుగా చెప్పింది. "ఒళ్ళు కూడా చూడండి ఎట్టా నిండిందో. మొన్నటిదాకా చీపురుపుల్లలా ఉండేవోరు."

గదిలోకి వచ్చి కూర్చున్నాను. నెల తప్పింది. తెలుగులో ఈ రెండు మాటలకి ఒకటే అర్థం. నెల తప్పిందంటే కడుపుతో ఉందనే. ఊరికే తప్పింది, అంతకుమించి ఏమీ లేదు అని చెప్పాలంటే మాట లేదు. వెతికాను. లేదు.

7 మే

ఫిబ్రవరి 26న 'తలనొప్పి'. ఆ తర్వాత ఈ పుస్తకంలో ఎక్కడా తలనొప్పి లేదు. మూడుసార్లు తిప్పి చూశాను. ఫిబ్రవరి 26 నుంచి మట్టల ఆదివారానికి ఇరవై అయిదు రోజులు. శాస్త్రప్రకారం ఆ రోజుల్లో కుదరదు. బోటనీ లెక్చరర్ని, ఈ మాత్రం తెలుసు.

శాస్త్రప్రకారం ఈ పద్దెనిమిదేళ్ళూ కుదరాల్సింది. కుదిరిందా?

12 మే

రేపు ల్యాబుకి వెళ్తాను.

13 మే

వెళ్ళలేదు. కరెంటు లేదు.

15 మే

వెళ్ళలేదు. ఆ ల్యాబులో పనిచేసే ఇశ్రాయేలు మా చర్చి మనిషి. రూతు టీచరమ్మ సీసా పట్టుకొచ్చిందని సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది.

16 మే

వన్‌టౌన్‌లో ఇంకో ల్యాబు ఉంది. తెలుసు.

19 మే

స్నానం చేస్తుంటే రొమ్ము సలిపింది. నొక్కాను. తెల్లగా ఒక చుక్క. సబ్బు నురగనుకుని కడుక్కున్నాను. మళ్ళీ నొక్కితే మళ్ళీ వచ్చింది. వేలి మీద పెట్టుకుని నాకి చూశాను.

ఒంటి మీద ఇంకో చెంబెడు నీళ్ళు కూడా పోసుకోకుండా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కుళాయి కట్టెయ్యలేదు. తొట్టి నిండి కాళ్ళ మీదుగా పోయింది.

రెండో నెలలోనే పాలు వస్తాయా? కొంతమందికి వస్తాయట. ఎవరన్నారు? ఎవరూ అనలేదు. నేనే అనుకుంటున్నాను.

సాయంత్రం ఆయనకి చెప్పాను. పేరు పెట్టి చెప్పాను, మొట్టమొదటిసారి.

"ఏమండీ, నాకు నెల తప్పింది."

ఆయన పేపరు మడిచారు. మళ్ళీ విప్పారు. మళ్ళీ మడిచారు.

"రూతూ, ముందు ల్యాబుకి వెళదాం."

"పాలొచ్చాయండీ!"

"అయినా సరే. వెళ్ళి చూపిస్తే ఎందుకైనా మంచిది గదా."

"నలభై ఏడేళ్ళకి తండ్రినవుతున్నానని సిగ్గా?" అని నవ్వాను. నవ్వు నా గొంతులోంచే వచ్చింది, వినపడింది. ఆయన కాసేపు నా ముఖంలోకే చూశారు. ఏదో అనబోయారు. లేచి వెళ్ళి చెప్పులేసుకుని, కృష్ణ ఒడ్డు దాకా వెళ్ళొస్తానన్నారు. చీకటి పడే వేళకి వచ్చారు.

మగవాళ్ళకి భయం ఉంటుంది కాబోలు.

24 మే

నేనెంత మూర్ఖురాలిని! రోజూ ఈ మాత్ర మింగుతున్నాను. కడుపులో దానికి తగలదూ?

ఆయనకి చెబితే డాక్టరు మానొద్దన్నాడంటారు. భోజనం కాగానే ఆయన మాత్ర, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చారు. మాత్రని చెంపలో పెట్టుకుని నీళ్ళు తాగాను. బయటికి వెళ్ళి మల్లె కుండీలో ఉమ్మేశాను. ఇంత తేలిక అనుకోలేదు.

28 మే

వాంతి. రెండుసార్లు. తల తిరుగుతోంది. వేవిళ్ళు మొదలయ్యాయి.

29 మే

వాంతి. దేవునికి స్తోత్రం.

1 జూన్, ఆదివారం

మణెమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సంపూర్ణమ్మ వదిన మొవ్వ నుంచి డబ్బాడు సున్నుండలతో దిగింది.

"ఏరా, ఇంత మాట నాకు దాస్తావా? పనిమనిషి చెబితే వినాలా నేను?"

"ఇంకా ఖాయం కాలేదక్కా," అన్నారు ఆయన.

"ఖాయమేంట్రా! దాని ముఖం చూడు, దాని నడుం చూడు. పొట్ట ముందుకొచ్చింది, మగపిల్లాడే." నా పొట్ట మీద చెయ్యి వేసింది. అక్కడున్నది పునుగులూ, అన్నమూ అని ఒక్క క్షణం నాకు తోచింది. తోచిన మాట నిజం. వెంటనే దాన్ని తోసేశాను.

పాస్టరమ్మగారు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చి తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. వదిన ఏడ్చింది. నన్ను ఒళ్ళోకి లాక్కుని, "నిన్ను ఎన్ని మాటలన్నానే తల్లీ," అంది. పద్దెనిమిదేళ్ళలో నన్ను తల్లీ అనడం ఇదే మొదలు.

ఆయన తలుపు పక్కన నిలబడి ఒక సున్నుండ చేతిలో పట్టుకున్నారు. తినలేదు, కింద పెట్టలేదు. పాస్టరమ్మగారు "ఆయుష్షు గల బిడ్డ" అన్నప్పుడు కళ్ళు మూసుకున్నారు.

11 జూన్

వాంతులు తగ్గాయి. నిద్ర పట్టడం లేదు. మొదటి మూడు నెలలూ ఇలాగే ఉంటుందట.

19 జూన్

కాలేజీ తెరిచారు. సెకండియర్ వాళ్ళకి ఫలాల పాఠం. ఫలదీకరణ జరక్కుండానే అండాశయం ఉబ్బి కాయ కావడాన్ని అనిషేక ఫలనం అంటారని చెప్పాను. ఉదాహరణ అరటి అని చెప్పాను. వెనక బెంచీ పిల్ల లేచి, "లోపల ఏమీ లేదని చెట్టుకి తెలీదా మేడమ్?" అంది. క్లాసంతా నవ్వారు. బోర్డు మీద బొమ్మ గీశాను. గంట కొట్టారు.

23 జూన్

తల దువ్వుకోలేదు.

కడుపుతో ఉన్నవాళ్ళకి దిగులు సహజమేనట. పుస్తకంలో ఉంది. ఏ పుస్తకంలోనో గుర్తు లేదు.

25 జూన్

పాలు రావడం లేదు. గట్టిగా నొక్కాను. కమిలింది.

27 జూన్

కూరలమ్మి ఇవాళ రాలేదా అని అడిగాను. వచ్చి వెళ్ళిందిగా, నువ్వు గుమ్మంలోనే కూర్చున్నావుగా అన్నారు ఆయన.

2 జూలై

వచ్చింది.

3 జూలై

నిన్న పొద్దున ఆరింటికి. లేచి నిలబడగానే కాళ్ళ వెంట. ఆయన్ని పిలిచాను. "పోయిందండీ. పోయింది. నేనే పోగొట్టాను," అని ఎన్నిసార్లు అన్నానో. మణెమ్మ ఏమీ అడక్కుండా గుడ్డలు తీసుకెళ్ళి నానబెట్టింది.

ఆయన ఆటో తెచ్చారు. గవర్నర్‌పేట మెట్ల దగ్గర ఆగింది.

"ఇక్కడికెందుకు? లేడీ డాక్టరు దగ్గరికి గదా వెళ్ళాలి?"

"ముందు ఇక్కడికి రా రూతూ."

డాక్టరుగారు అంతా విన్నారు. మొదటి ప్రశ్న, "మాత్రలు ఎప్పుడు ఆపారు?" అని. మే 24 అన్నాను. ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. డాక్టరుగారు కాయితం మీద తేదీలు వేసుకున్నారు.

"అమ్మా, నిదానంగా వినండి. ఆ మందు కొంతమందికి ముట్లు ఆపేస్తుంది. పాలు వచ్చేట్టు చేస్తుంది. ఒళ్ళు వస్తుంది. మీరు మానేశారు గనక మళ్ళీ వచ్చింది. వాంతులు కూడా ఒక్కసారిగా మానేసినందుకే. గర్భం ఏమీ లేదమ్మా."

"ఉండి పోయిందేమో," అన్నాను.

"కావాలంటే లేడీ డాక్టరుకి కూడా చూపించండి." తర్వాత, విసుగ్గా కాదు, ఆశ్చర్యంగా అన్నారు. "ఇవన్నీ మీవారికి మొదటిరోజే చెప్పాను గదమ్మా. ఆవిడ కంగారు పడకుండా మీరే మెల్లగా చెప్పండి అన్నాను. ఏం సార్, చెప్పలేదా?"

గోడ మీద మందుల కంపెనీ క్యాలెండరు ఉంది. ఆయన దాన్నే చూస్తున్నారు.

లేడీ డాక్టరు కూడా చూసింది. పరీక్ష చేయించింది. అసలు కడుపే రాలేదంది. ఏమీ లేదు.

4 జూలై

రెండు రోజులుగా ఇంట్లో మాట లేదు. ఇవాళ మధ్యాహ్నం ఆయన ఆఫీసుకి వెళ్ళకుండా నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేనే అడిగాను.

"మీకు మొదట్నుంచీ తెలుసు."

"తెలుసు."

"ఎందుకు చెప్పలా?"

"ఏమని చెప్పను? నీ ముట్టు సంగతి నేను నీతో ఏనాడన్నా ఎత్తానా? డాక్టరు అంటుంటేనే నేల చూపులు చూశా. ఆటోలో చెబుదామనుకున్నా. ఆటోవాడు వింటాడనిపించింది. ఇంటికొచ్చాక రేపు చెబుదామనుకున్నా. నువ్వు తలనొప్పి అన్నావు. సరే, మనకి అట్టా అవలేదులే, చెప్పే పని తప్పిందనుకున్నా."

"మే నెలలో? నేను నోరు తెరిచి చెప్పినప్పుడు?"

ఆయన నా దుప్పటి కొస మడత పెట్టారు.

"నవ్వావు. ఏడాదయింది నువ్వు నవ్వి. ఆ నోటి ముందు ఆ మాట ఎట్టా అనను రూతూ? ల్యాబువాళ్ళు చెప్తారులే అని ల్యాబు ల్యాబు అన్నా. నువ్వు కదల్లా. మాత్ర రోజూ నా చేత్తోనే ఇస్తున్నా గదా, వేసుకుంటుందిలే, ప్రమాదం లేదులే అనుకున్నా."

"మీ అక్కయ్య వచ్చినప్పుడు? అందరూ చేతులుంచి ప్రార్థన చేస్తుంటే? నన్ను అలా కూర్చోబెట్టి చూస్తూ నిలబడ్డారా?"

అప్పుడు ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి వచ్చింది మాట.

"ఆ రోజు నేనూ నమ్మాను. డాక్టరే పొరబడ్డాడేమో అనుకున్నా. మందు వల్ల కొందరికే అవుద్దన్నాడు గదా, నీకు మందు వల్ల కాదేమో, నిజమేనేమో అనుకున్నా. ఆఫీసులో ఫైళ్ళ మీద పేర్లు రాసి కొట్టేసేవాణ్ణి."

"ఏం పేర్లు?" అని అడిగాను. చెప్పలేదు. మళ్ళీ అడిగాను. చెప్పలేదు.

కోపం రావాలి. ఎదురు చూశాను. రాలేదు. కోపం రావడానికి కూడా ఏదో కాస్త ఉండాలి లోపల.

7 జూలై

పాస్టరమ్మగారు, స్త్రీల కూటం వాళ్ళు పలకరించడానికి వచ్చారు. వదిన వచ్చింది. చాప మీద అందరూ మోకాళ్ళు ముడుచుకు కూర్చున్నారు.

"ఎన్నో నెలమ్మా?" అని ఎవరో అడిగారు.

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. 'మందు వల్లండీ, ఏమీ లేదండీ' అంటే సరిపోతుంది. అంటే వీళ్ళు లేచి వెళ్ళిపోవాలి. లేనిదానికి ఎవరు ఏడుస్తారు? వదిన నా చెయ్యి పట్టుకుని ఉంది. వదిలేస్తుంది.

"నాలుగు," అన్నాను.

గుమ్మంలో ఆయన విన్నారు.

పాస్టరమ్మగారు ఆ పసిప్రాణాన్ని ప్రభువు తన దగ్గర చేర్చుకోవాలని ప్రార్థించారు. ఆడవాళ్ళందరూ ఏడ్చారు. నాకు ఏడుపు వచ్చింది, కడుపులోంచి, నిజంగా పోయినదానికి వచ్చినట్టే వచ్చింది. అందరూ ఆమేన్ అన్నారు. ఆయన గొంతు కూడా వినపడింది.

వెళ్ళేటప్పుడు వదిన నా నడుం మీద చెయ్యి వేసి, "ఇంకా ఒళ్ళు తగ్గలేదే. తగ్గుతుందిలే. బిడ్డ పోయాక కొన్నాళ్ళుంటది," అంది.

10 జూలై

దువ్వెన.

14 జూలై

మణెమ్మ తల దువ్వి జడ వేసింది. ఆయనకి చెప్పకుండా సిటీ బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్ళాను. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగాను. ఇప్పుడు డెబ్భై కిలోలు.

"సార్ రాలేదామ్మా?"

"రాలేదండీ. ఇకమీదట ఏం చెప్పినా నాకే చెప్పండి."

డాక్టరుగారు తలుపు వైపు చూశారు, నా వెనక ఎవరో వస్తున్నారన్నట్టు.

"ఏం చెప్పమంటారు?"

"ఆ రోజు నన్ను బయట కూర్చోబెట్టి చెప్పినవన్నీ."

చెప్పారు. మొదట మొహమాటపడ్డారు, తర్వాత పాఠం చెప్పినట్టు చెప్పారు. నోరెండడం. మలబద్ధకం. వణుకు. బరువు. ముట్లు. పాలు. భార్యాభర్తల మధ్య ఇష్టం తగ్గడం. ఆ చివరిది చెబుతున్నప్పుడు నా వైపు చూడకుండా పెన్ను మూత తీసి పెట్టారు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి కాయితం తీసి అన్నీ రాసుకున్నాను.

"ఈసారి మందు మారుస్తానమ్మా. కొత్తదానితో పాలు గీలూ ఉండవు. నెలనెలా మామూలుగా వస్తుంది. ఒళ్ళు కూడా అంత రాదు."

"పనిచేస్తుందా?"

"చెయ్యొచ్చు. చేయకపోతే ఇంకోటి చూద్దాం."

"పాతదే రాయండి."

"అవన్నీ మళ్ళీ వస్తాయమ్మా. మీరు ఇప్పుడే అంత బాధపడి..."

"అది నాకు పనిచేసింది కదండీ. ఆకలేసింది. కేకలు వినపడ్డాయి. పాఠం చెప్పగలిగాను. పనిచేస్తుందని తెలిసినదాన్ని వదిలి ప్రయోగాలెందుకు? ఇప్పుడు నాకన్నీ తెలుసు గనక కంగారు పడను."

క్లాసులో అన్నట్టే అన్నాను. డాక్టరుగారు ఒప్పుకున్నారు. "చదువుకున్నవాళ్ళతో ఇదే సుఖమమ్మా," అని పాత మందే రాశారు.

మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

"ఎన్నాళ్ళకి వస్తాయండీ?"

"ఏవమ్మా?"

"పాలు."

డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "పోయినసారిలాగే రెండు మూడు నెలలు పట్టొచ్చు. రాకపోనూ వచ్చు. ఎందుకు?"

"ఊరికేనండీ. తెలిసుండాలి కదా."

మందు బాగా పనిచేసింది గనకనే పాతది అడిగాను. అందుకే. ఈ పుస్తకంలో కూడా అదే రాస్తున్నాను.

రాత్రి భోజనాలయ్యాక ఆయన అట్ట తిప్పి చూశారు. "మందు మార్చాడా?"

"మార్చారండీ. చూడ్డానికి ఒకలాగే ఉంటుంది."

"దీంతో అవన్నీ ఉండవుగా?"

"ఉండవట."

ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. మాత్ర విడిపించి నా అరచేతిలో పెట్టారు, గ్లాసందించారు. మింగాను. ఆయన కదలకుండా అక్కడే నిలబడ్డారు. అడగాలని ఉంది, అడగలేకపోతున్నారు.

నేనే నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాను.